కరెంటు ఊగుతోందా? తప్పు గ్రిడ్‌దా, మన వైరుదా తేల్చే చిన్న మీటర్

మా మామయ్యకు తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. ఈమధ్య రాత్రిళ్లు ఏరేటర్లు మూలగడం మొదలుపెట్టాయి. అవి ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి.

"గ్రిడ్‌లోనే ఏదో అయ్యుంటుందిరా, మనమేం చేస్తాం" అన్నాడు మామయ్య. నా ఫోన్ మాత్రం హాయిగా చార్జ్ అవుతోంది. అది చూసి కరెంటు బాగుందనుకోవద్దు. చాలా చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా ఎంతొచ్చినా పనిచేస్తాయి.

అందుకే సాకెట్‌లో గుచ్చే మీటర్ ఒకటి తెప్పించా. వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ రెండూ చూపించాలి, అదే ముఖ్యం. ఎందుకంటే 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పట్నుంచి ఢిల్లీలో, మా గుంటల దగ్గర నడిచేది ఒకటే ఫ్రీక్వెన్సీ. అది 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. వోల్టేజ్ అలా కాదు, వీధి వీధికీ మారుతుంది.

రాత్రి ఏడింటికి మీటర్ చూశా: 49.97 హెర్ట్జ్, 176 వోల్టులు. అంటే దేశం గ్రిడ్ బాగానే ఉంది, తేడా మన దగ్గరే. పక్క గుంట ఆయనకు ఫోన్ చేసి మీటర్ పంపిస్తే, అక్కడ 221. మావైపు ఏరేటర్లు ఆపగానే మాకూ 220కి ఎక్కింది. లోడ్ పడ్డప్పుడే పడిపోతోందంటే, దారిలో ఎక్కడో జాయింట్ వదులైందన్నమాట. లైన్‌మన్ వచ్చి చూస్తే స్తంభం మీద క్లాంప్ ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయి ఉంది.

పెద్ద గ్రిడ్‌లోనూ ఇంతే. 2019 జనవరి 11న అమెరికా తూర్పు గ్రిడ్ అంతా దాదాపు 18 నిమిషాలు ఊగింది. న్యూ ఇంగ్లండ్‌లో 50 మెగావాట్ల దాకా ఊపు కనిపించింది. మూలం మాత్రం ఎక్కడో ఫ్లోరిడాలో, ఒకే ఒక్క ప్లాంట్ స్టీమ్ టర్బైన్ కంట్రోలర్‌కు వెళ్లిన తప్పుడు సిగ్నల్! ఇలాంటివి పట్టడానికి జీపీఎస్ టైమ్‌తో కొలిచే ఫేజర్ మీటర్లు వాడతారు. ఊపు పెద్దగా ఉన్నచోటే మూలం అనుకుంటే ఒక్కోసారి బోల్తా పడతాం. ఆ ఊపు తాలూకు శక్తి ఎటునుంచి వస్తోందో చూడాలి.

ఒక్కమాట: మీటర్ గుచ్చడం వరకే మన పని. స్తంభం, సర్వీస్ వైరు జోలికి పోవద్దు. రీడింగులు ఫోటో తీసి 1912కి ఫోన్ చేయండి. "వోల్టేజ్ తక్కువ" అనే ఫిర్యాదు కన్నా, "లోడ్ వేస్తే 176, తీస్తే 220" అంటే పని తొందరగా తెములుతుంది.

ఇప్పుడు మామయ్య రాత్రి పడుకునే ముందు ఒకసారి మీటర్ చూస్తాడు. ఆ తర్వాతే నిద్ర.