పాత హార్డ్ డిస్క్ నుండి ఎస్.ఎస్.డి.కి: తెలుగు పరిశోధకుని కంప్యూటర్ తరలింపులో పాఠరక్షణ

వ్యాససంగ్రహం: కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను పాత హార్డ్ డిస్క్ నుండి కొత్త ఎస్.ఎస్.డి.కి మార్చడం సాంకేతికంగా చిన్న పనే. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలో తెలుగు రాతలు ఉన్న కంప్యూటర్ విషయంలో మాత్రం అది పాఠరక్షణకు సంబంధించిన పని అవుతుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో, తరలింపు ఏ క్రమంలో సాగితే పాఠం చెడకుండా ఉంటుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఎస్.ఎస్.డి., క్లోనింగ్, అను ఫాంట్లు, యూనికోడ్, పాఠరక్షణ.

1. ఉపోద్ఘాతం

వరంగల్ జిల్లా వర్ధన్నపేట వంటి చిన్న పట్టణాల్లో, కళాశాలల్లోనైనా డి.టి.పి. కేంద్రాల్లోనైనా, కొత్త కంప్యూటర్ కొనడం తేలిక కాదు. పాతదానికే ఎస్.ఎస్.డి. అమర్చడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. పాత కంప్యూటర్ మందకొడిగా ఉండడానికి చాలాసార్లు ప్రాసెసర్ కన్నా హార్డ్ డిస్కే కారణం. అందులో నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్ళెం, దానిపై కదులుతూ చదివే చిన్న చేయి ఉంటాయి. ఆ చేయి ఒక్కో చోటికి చేరడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు. సమాచారం ఫ్లాష్ మెమరీ గళ్ళలో విద్యుదావేశంగా నిలుస్తుంది; దాన్ని అందుకోవడానికి 0.1 మిల్లీసెకను చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్ళను చదవాలి కనుక ఈ తేడా అక్కడే స్పష్టంగా తెలుస్తుంది.

2. పాఠం ఎక్కడ ఉంది?

యూనికోడ్ తొలి రూపం 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. గౌతమి ఫాంటుతో తెలుగును చూపగలిగింది. అయినా అచ్చుపని చాలాకాలం పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే సాగింది. ఆ కాలపు ఎం.ఫిల్., పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు అనేకం ఆ రూపంలోనే ఉన్నాయి. పేజ్‌మేకర్‌కు 2001 నాటి 7.0 తరువాత పెద్ద మార్పులతో కొత్త రూపం రాలేదు.

ఇటువంటి ఫైల్‌లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. రోమన్ అక్షరాలకు, ఇతర గుర్తులకు కేటాయించిన సంఖ్యలే ఉంటాయి. ఆ సంఖ్యల స్థానాల్లో తలకట్టును, కొమ్మును, వత్తును బొమ్మలుగా నిలిపేది ఫాంటు. ఫాంటు లేకపోతే తెరపై కనిపించేది అర్థంలేని గుర్తుల వరుస. అంటే పాఠం ఫైల్‌లో కొంత, ఫాంటులో కొంత ఉన్నది. దాన్ని సవరించాలంటే కీబోర్డు సాఫ్ట్‌వేర్ కూడా కావాలి. చివరి రెండూ ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్థాపితమై ఉంటాయి. 'నా ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్నాను, చాలు' అనుకునేవారు గమనించనిది ఇదే.

ఒకే ప్రతి ఉన్న గ్రంథం గతి ఏమిటో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. పోతన స్వస్థలంగా ఇక్కడివారు భావించే బమ్మెర పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే. సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతాన్ని పాతిపెట్టించాడన్నది ఐతిహ్యం. శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారన్నది సాహిత్యచరిత్ర. సిద్ధాంత గ్రంథానికి అలా పూరించేవారు దొరకరు.

3. కొత్తగా స్థాపించడమా, క్లోనింగా?

కొత్త డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటినుండి స్థాపించడం శుభ్రమైన పద్ధతి అని సాంకేతిక నిపుణులు అంటారు. యూనికోడ్‌లోనే పనిచేసేవారికి అది సరైన సలహా. పాత ఫాంట్లపై ఆధారపడినవారికి కాదు. స్థాపక సి.డి. పోయి ఉంటుంది, ఉన్నా నేటి ల్యాప్‌టాప్‌లలో సి.డి. డ్రైవ్ అరుదు. వీరికి క్లోనింగ్, అంటే డిస్క్‌ను యథాతథంగా ప్రతి తీయడం, మేలు. అయితే డిస్క్ గుర్తింపుతో ముడిపడిన లైసెన్సు కొత్త డ్రైవ్‌లో మళ్ళీ ధ్రువీకరణ అడగవచ్చు.

4. తరలింపు క్రమం

ముందుగా రాతలన్నిటినీ వేరొక బయటి డ్రైవ్‌లోకి ప్రతి తీయాలి. తీసిన ప్రతిని తెరిచి చూడాలి. ముఖ్యమైన గ్రంథాలను ఫాంట్లు ఇమిడిన పి.డి.ఎఫ్.లుగా కూడా మార్చి ఉంచితే, ఏ ఆపద వచ్చినా కనీసం చదవడానికి మిగులుతాయి. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే దాని రికవరీ కీని కాగితంపై రాసుకోవాలి.

చాలామంది చిక్కుకునేది పరిమాణం దగ్గర. పాత డిస్క్ 1 టి.బి., కొత్తది 256 జి.బి. అయితే ఉచితంగా లభించే క్లోన్‌జిల్లా సాధారణ పద్ధతిలో క్లోనింగ్‌కు ఒప్పుకోదు. రాతలను బయటికి తరలించి, పార్టిషన్లను కొత్త డ్రైవ్‌లో పట్టేంతగా కుదించి, అప్పటికీ సాధ్యం కాకపోతే పరిమాణాన్ని సర్దగల వేరొక సాఫ్ట్‌వేర్‌ను వాడాలి. 'సి' డ్రైవ్ ఒక్కటే ప్రతి తీస్తే కంప్యూటర్ మొదలు కాదు; దాన్ని మొదలుపెట్టే చిన్న పార్టిషన్ వేరుగా ఉంటుంది, అదీ రావాలి. పని మధ్యలో కరెంటు పోతే మొత్తం మళ్ళీ చేయాలి. యు.పి.ఎస్. లేని డెస్క్‌టాప్‌పై ఈ పనికి పూనుకోకపోవడమే మంచిది.

క్లోనింగ్ ముగిశాక పాత డిస్క్‌ను విప్పి పక్కనపెట్టి, కొత్తదానితోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టాలి. ఒకే గుర్తింపు గల రెండు డిస్క్‌లు కలిసి ఉంటే విండోస్ తికమకపడుతుంది. పాత సిద్ధాంత గ్రంథం ఒకటి తెరిచి, వత్తులున్న పేరా ఒకటి టైపు చేసి చూసేదాకా తరలింపు పూర్తయినట్లు కాదు. పాత డిస్క్‌ను వెంటనే చెరిపివేయకూడదు.

5. ఎస్.ఎస్.డి. భాండాగారం కాదు

వేగం ఉన్నంత మాత్రాన ఇది దీర్ఘకాల నిల్వకు తగినది కాదు. గళ్ళలోని విద్యుదావేశం కరెంటు అందనప్పుడు నెమ్మదిగా తగ్గుతుంది, వేడిలో ఇంకా త్వరగా. రాతకు నిర్దేశించిన ఆయుష్షు పూర్తయిన సాధారణ డ్రైవ్, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు సమాచారాన్ని నిలుపుకోవాలన్నది జెడెక్ ప్రమాణం. ఇక్కడి మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. కొత్త డ్రైవ్ అంత బలహీనం కాదు. అయినా అందులో గ్రంథాలు నింపి బీరువాలో ఏళ్ళ తరబడి పెట్టడం తగదు. పైగా ఎస్.ఎస్.డి.లో పొరపాటున చెరిపిన ఫైల్ తిరిగి దొరికే అవకాశం హార్డ్ డిస్క్‌తో పోలిస్తే చాలా తక్కువ.

క్లోనింగ్ పాత ఫాంట్ల ఆయుష్షును కొన్నేళ్ళు పొడిగిస్తుంది, అంతే. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. శాశ్వత పరిష్కారం యూనికోడ్‌లోకి మార్చడమే. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని సంయుక్తాక్షరాల దగ్గర అవి తడబడతాయి. శాసన పాఠాలు, మాండలిక పదాలు గల పుటల్లో ఆ తప్పును పట్టుకోవడం ఇంకా కష్టం, అసలు రూపమే అపరిచితం కనుక. ఆ పుటలను పాత కంప్యూటర్ తెరపై గాని, అచ్చు ప్రతిలో గాని ఉన్న రూపంతో అక్షరమక్షరం పోల్చి చూడాలి. పరిశోధకుడే కూర్చుని ఆ పోలిక పూర్తిచేసేంతవరకు పాత డిస్క్, దాని ఫాంట్లు అక్కరకు వస్తూనే ఉంటాయి.