కర్ణభేరి కంపనాన్ని కాంతితో కొలవడం

ఈ భాగం చదివిన తరువాత కర్ణభేరి కదలికను, నిర్మాణాన్ని కాంతితో కొలిచే మూడు పద్ధతులను మీరు వివరించగలుగుతారు.

1. సమస్య ఏమిటి?

వినికిడి తగ్గిందని ఇద్దరు వ్యక్తులు చెవి వైద్యుడి దగ్గరకు వచ్చారనుకుందాం. లైటు వేసి చూస్తే ఇద్దరి కర్ణభేరులూ మామూలుగానే ఉన్నాయి. వినికిడి పరీక్ష ఫలితాలు కూడా దాదాపు ఒకేలా ఉన్నాయి. కానీ ఒకరిలో అంకవన్నె ఎముక బిగుసుకుపోయింది. మరొకరిలో మధ్యచెవి ఎముకల గొలుసు తెగిపోయింది. కంటికి కనిపించని ఈ తేడా కర్ణభేరి కదలికలో దాగి ఉంటుంది.

కర్ణభేరి వ్యాసం 8 నుంచి 10 మి.మీ., మందం సుమారు 0.1 మి.మీ. మాత్రమే. సాధారణ శబ్దాలకు అది కదిలే దూరం నానోమీటర్ల స్థాయిలో ఉంటుంది. ఇంత పలుచని పొరకు ఏ పరికరాన్ని ఆనించినా, దాని బరువుకే కంపనం మారిపోతుంది. కాంతికి ఈ ఇబ్బంది లేదు.

2. లేజర్ డాప్లర్ పద్ధతి

కదిలే తలం నుంచి పరావర్తనం చెందిన కాంతి పౌనఃపున్యం మారుతుందని మీకు తెలుసు.

పౌనఃపున్యంలో మార్పు = 2 × వేగం ÷ తరంగదైర్ఘ్యం

ఉదాహరణ: 1000 హెర్ట్జ్ శబ్దానికి కర్ణభేరి 10 నానోమీటర్ల కంపన పరిమితితో కదులుతోందనుకుందాం. దాని గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 63 మైక్రోమీటర్లు. 633 నానోమీటర్ల ఎర్ర లేజర్ వాడితే, పౌనఃపున్యంలో మార్పు సుమారు 200 హెర్ట్జ్.

ఆ కాంతి అసలు పౌనఃపున్యం సుమారు 470 లక్షల కోట్ల హెర్ట్జ్! అందులో 200 తేడాను నేరుగా గుర్తించలేం. అందుకే కిరణాన్ని రెండుగా చీల్చి, ఒకదానిని కర్ణభేరి మీదికి పంపి, తిరిగివచ్చిన కాంతిని రెండవదానితో కలుపుతారు. రెండు శృతిదండాలను కలిపి మోగించినప్పుడు విస్పందనాలు వచ్చినట్లే, ఇక్కడా తేడా మాత్రమే బయటపడుతుంది.

అంకవన్నె బిగుసుకుంటే కర్ణభేరి కదలిక సాధారణంగా తగ్గుతుంది. గొలుసు తెగితే పెరుగుతుంది. మన ఇద్దరు రోగుల మధ్య తేడా ఇదే.

3. ఒక బిందువు నుంచి మొత్తం పొరకు

లేజర్ డాప్లర్ పద్ధతి ఒకసారికి ఒక బిందువునే కొలుస్తుంది. మొత్తం పొర ఎలా కదులుతుంది? సుమారు 2400 హెర్ట్జ్ వరకు కర్ణభేరి గట్టి పలకలా కదులుతుందని 1941లో బెకెసీ విద్యుత్ ధారితా పద్ధతితో నిర్ణయించాడు. 1972లో ఖన్నా, టాండార్ఫ్ హోలోగ్రఫీతో మొత్తం పొరను ఒకేసారి చిత్రించారు. తక్కువ పౌనఃపున్యాల దగ్గర కూడా పొర వంగుతూ, వేర్వేరు చోట్ల వేర్వేరు పరిమితులతో కదులుతోందని తేలింది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ అది అనేక చిన్న భాగాలుగా విడిపోయి కంపిస్తుంది.

4. లోపలి నిర్మాణం

1991లో వెలువడిన ఆప్టికల్ కొహరెన్స్ టోమోగ్రఫీలో పరారుణ కాంతిని వాడతారు. రెండు కిరణాల మార్గాలు దాదాపు సమానమైనప్పుడే వ్యతికరణం ఏర్పడుతుంది కాబట్టి, ఏ లోతు నుంచి కాంతి తిరిగివచ్చిందో తెలుస్తుంది. సుమారు 10 మైక్రోమీటర్ల వివరంతో పొర మందాన్ని, దాని వెనుక చేరిన ద్రవాన్ని చూడవచ్చు. అదే కాంతి దశలోని మార్పుల నుంచి కంపనాన్నీ లెక్కించవచ్చు. అయితే చెవిలో గులిమి అడ్డుంటే ఈ పద్ధతులేవీ పనిచేయవు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

పై ఉదాహరణలో కంపన పరిమితి 5 నానోమీటర్లయితే పౌనఃపున్యంలో మార్పు ఎంత?