పక్షి కంటి పరీక్ష: టార్చిలైటు కంటే ముందు దాణా, లిట్టరు

కుక్కకో దూడకో చూపు ఉన్నదా లేదా అని తేల్చడానికి పశువైద్యుడు తొలుత కంట్లోకి టార్చి వెలుగు ప్రసరింపజేస్తాడు. వెలుగు పడిన కంటితోపాటు రెండవ కంటిపాప కూడా కుంచించుకుంటే నాడీమార్గం సక్రమంగా ఉన్నట్లు భావిస్తాడు. ఇదే పద్ధతిని కోడికి, చిలుకకు యథాతథంగా వర్తింపజేస్తే రోగనిర్ధారణ దారి తప్పుతుంది. పక్షుల ఐరిస్‌లో ప్రధానంగా రేఖిత కండరాలు ఉండడం వలన అవి కంటిపాపను కొంతమేరకు ఇచ్ఛానుసారం కదిలించగలవు. ఉద్రేకపడిన చిలుక కంటిపాప క్షణక్షణం చిన్నదీ పెద్దదీ కావడం పెంపకందారులు ఎరిగినదే. కనుక చేతికి చిక్కి బెదిరిన పక్షి వెలుగుకు స్పందించనంత మాత్రాన అది గుడ్డిదని నిర్ణయించరాదు. దృక్ నాడులు దాదాపు పూర్తిగా ఎదుటి పక్కకు దాటిపోవడం వలన రెండవ కంటి స్పందనను ప్రమాణంగా తీసుకోవడం కుదరదు. కంటిపాపను విప్పార్చే అట్రోపిన్ చుక్కలు సైతం పక్షులలో పనిచేయవు; దానికి కారణం ఆ రేఖిత కండరాలే.

అందుచేత పరీక్ష పక్షిని పట్టుకోక మునుపే ఆరంభం కావాలి. రెండు కళ్లూ సమానంగా తెరచి ఉన్నవా, గింజను గురి తప్పకుండా ఏరుకొనుచున్నదా, కంటి చుట్టూ ఈకలు తడిసి అంటుకొనియున్నవా అన్నది దూరం నుండే తెలుస్తుంది. ఒక్క పక్షికి ఒక్క కన్నే చెడితే గాయాన్ని, నలుసును అనుమానించాలి. పలు పక్షులలో రెండు కళ్లూ చెడితే ఆలోచన షెడ్డు గాలి వైపు, దాణా వైపు, అంటువ్యాధుల వైపు మరలాలి. అయితే కొరైజా ఒక పక్క వాపుతోనూ మొదలు కావచ్చు.

తడిసిన లిట్టరు నుండి వెలువడే అమ్మోనియా కార్నియాను నేరుగా దెబ్బతీస్తుంది. కోళ్లు కళ్లు మూసుకొని, వెలుతురుకు తల తిప్పుకొని, మేత మాని కూర్చుంటాయి. అమ్మోనియా 25 పీపీఎం దాటకుండా చూడడం సాధారణ ప్రమాణం. నిత్యం షెడ్డులో తిరిగే పనివాని ముక్కు ఆ ఘాటుకు అలవాటుపడిపోతుంది కనుక అతని మాటపై ఆధారపడరాదు. కొలత కూడా మనిషి ముక్కు ఎత్తులో కాక, కోడి తల ఎత్తులో తీయాలి.

విటమిన్-ఎ లోపం వ్యవసాయ శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం. పసుపు మొక్కజొన్నలోని కెరోటినాయిడ్లు తెల్ల జొన్నలోగానీ నూకలలోగానీ లేవనే చెప్పాలి. ధర పెరిగినప్పుడు మొక్కజొన్న స్థానంలో వీటిని కలిపే రైతు విటమిన్ మిశ్రమాన్ని సరిచూసుకోకపోయినా, వేసవి వేడిలో నిలువ ఉండి సత్తువ తగ్గిన మిశ్రమాన్ని వాడినా, కొన్ని వారాలకు కనురెప్పల కింద తెల్లని జున్నువంటి పదార్థం పేరుకొంటుంది. దీనిని కొరైజాగా పొరబడి యాంటీబయాటిక్ వాడడం పరిపాటి. కొరైజాలో ముఖం వాపు, దుర్గంధంతో కూడిన స్రావం ఉంటాయి. మందలో వేగంగా వ్యాపిస్తుంది. లోపవ్యాధి నెమ్మదిగా ముదురుతుంది. చనిపోయిన కోడి అన్నవాహికను చీల్చి చూస్తే చిన్న తెల్లని బొడిపెలు కనిపిస్తాయి. కేవలం పొద్దుతిరుగుడు గింజలు, కొర్రలపై పెరిగే పంజరపు చిలుకలది కూడా ఇదే లోపం. వాటికి ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడి అలవాటు చేయాలి.

ఐరిస్ రంగును వయస్సుతో కలిపి చూడాలి. ఆఫ్రికన్ గ్రే చిలుక పిల్లలో బూడిద రంగులో ఉన్న కన్ను పెరిగాక పసుపు తేలడం సహజమే. నారింజ రంగుకు తిరిగిన కోడి కన్ను బూడిద రంగుకు మారి, కంటిపాప అంచు వంకరటింకర అయితే మారెక్స్ వ్యాధిని అనుమానించాలి. దానికి చికిత్స లేదు. టీకా పిల్ల పొదిగిన రోజే పడవలసినది.

మందుల దుకాణంలో మనుషులకని అమ్మే కంటి చుక్కలను కోళ్లకు వేయడం వాడుకలో ఉన్నది. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కార్నియా పుండు మానకపోగా ముదురుతుంది. పక్షి శరీరం చిన్నది కనుక ఆ కొద్ది మందే రక్తంలో చేరి రోగనిరోధక శక్తిని కుంగదీయగలదు. ఫ్లోరసీన్ రంగు వేసి, పుండు ఆకుపచ్చగా మెరియలేదని నిర్ధారించుకొన్న తరువాత కూడా స్టెరాయిడ్ నిర్ణయాన్ని పశువైద్యునికే విడిచిపెట్టాలి. కళ్ల వెంట నీరు, ముక్కు కారుట, ఆకుపచ్చ విరేచనాలు మూడూ కలిసి ఉన్న చిలుకను మాస్కు, చేతి తొడుగులు లేకుండా పట్టుకోరాదు. క్లామిడియా చిలుకల నుండి మనుషుల ఊపిరితిత్తులకు సోకుతుంది.