అంతా బెంగేనా?

మన ఫీనిక్స్ చుట్టుపక్కల పండుగలకి కలిసే తెలుగువారిలో ఇప్పుడు బడి టీచర్లు కూడా కనబడుతున్నారు. మనలాగా ఆస్పత్రి పని మీదో, కంప్యూటర్ పని మీదో వచ్చినవారు కారు. లెక్కలూ, సైన్సూ చెప్పడానికి ఇక్కడి బడులు పిలిపించుకుంటే జె-1 వీసా మీద వచ్చినవారు. గడువు మూడేళ్ళు, పొడిగిస్తే మరో రెండేళ్ళు. పిల్లల్ని అమ్మమ్మగారింట్లో వదిలి ఒంటరిగా వచ్చిన తల్లులూ వీరిలో ఉన్నారు. వీరిలో ఎవరైనా నీరసంగా కనబడితే మనవాళ్ళందరిదీ ఒకటే నిర్ధారణ: "ఇంటిమీద బెంగండీ, నాలుగు నెలలు పోతే అదే సర్దుకుంటుంది." డాక్టరుగా ఈ మాట వింటే నాకు గుబులు. బెంగ ఉండదని కాదు. బెంగ అని పేరుపెట్టి వదిలేసేవాటిలో కొన్నింటికి మందుంది, కొన్నింటికి మంచినీళ్ళు చాలు.

మన బడుల్లో పిల్లలు ఒక గదిలో కూర్చుంటారు, మాస్టారు గదులు మారతారు. మధ్యలో స్టాఫ్ రూములో రెండు గుక్కల టీ, నాలుగు మాటలు. ఇక్కడి హైస్కూల్లో టీచరుది ఒకటే గది, మారేది పిల్లలు. గంటకీ గంటకీ మధ్య ఉన్న ఆ నాలుగైదు నిముషాలూ టీచరు గుమ్మంలో నిలబడి ఒక క్లాసును సాగనంపుతూ మరో క్లాసును లోపలికి పిలవాలి. పిల్లల్ని గదిలో వదిలి వెళ్ళకూడదు. అంచేత బాత్‌రూముకి వెళ్ళే వీలుండదు. వీలుండదు గనక నీళ్ళు తాగరు. మూత్రంలో మంటగా ఉందని వచ్చినవారిని నీళ్ళు ఎన్ని తాగుతారని అడిగితే, "స్కూలున్నంతసేపూ ముట్టనండీ" అని మామూలు సంగతిలా చెబుతారు.

దీనికి తోడు ఎండ. బడులు జూలై ఆఖర్లోనో ఆగస్టు మొదట్లోనో తెరుస్తారు. 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43, దాటే రోజులవి. గుంటూరు ఎండలు చూసినవాళ్ళం, ఇదేపాటి అనుకుంటారు. కాని అక్కడ చెమట కారి చొక్కా తడిసి, నీళ్ళు తాగమని చెబుతుంది. ఎడారి గాలిలో చెమట పుట్టినచోటే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిన సంగతే తెలియదు. సాయంత్రానికి తలనొప్పి, విసుగు, ఏడుపు కూడా. అప్పుడు ఇండియాకి ఫోను చేస్తే, అక్కడ మనకంటే పన్నెండున్నర గంటలు ముందున్న అమ్మ తెల్లవారుజామున నిద్రలేచి "బెంగ పెట్టుకోకే తల్లీ" అంటుంది. పాపం, ఆవిడకి ఇంకేం తెలుస్తుంది? పక్కగది టీచరుతో ఒప్పందం చేసుకుని, రెండు నిముషాలు ఒకరి గదికి ఒకరు కాపలా ఉండటం కొందరు నేర్చుకున్నారు. నేను రాసే మందులకన్నా అది బాగా పనిచేస్తోంది.

గొంతు సంగతీ అంతే. పిల్లలు లేచి నిలబడరు, మాట్లాడుకోవడం ఆపరు. కొత్త టీచరు మర్యాద పోయిందనుకుని గొంతు పెంచుతారు. అయోవా, యూటా రాష్ట్రాల్లో జరిపి 2004లో ప్రచురించిన పరిశీలనలో, అప్పటికి గొంతు బాధ ఉన్నవారు టీచర్లలో నూటికి 11 మంది, తక్కినవారిలో ఆరుగురు. ఈ ఊరి టీచర్లు చెయ్యెత్తి, పిల్లలు సద్దుమణిగేదాకా ఊరుకుంటారు. మనవారికి అది మొదట చేతగానితనంలా కనిపిస్తుంది. బొంగురు నాలుగు వారాలకి తగ్గకపోతే గొంతు డాక్టరుకి చూపించాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకోకండి, దానికీ శ్రమే.

ఇక నేను ముఖ్యంగా రాయదలచిన సంగతి. ఒక లెక్కల టీచరుగారు, ఆవిడ ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను, జూలైలో వచ్చారు. అక్టోబరులో దగ్గు, సాయంత్రాలు జ్వరం, మెట్లెక్కలేని నీరసం. తోటివారు బెంగ అన్నారు. ఇంటినుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు వాడారు. తగ్గలేదు. ఒక క్లినిక్‌లో చేతిమీద సూదితో చేసే క్షయ పరీక్ష చేస్తే పొంగింది, ఎక్స్‌రేలో మచ్చ కనబడింది. ఆ రోజునుంచి ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం మానేశారు. నా దగ్గరకి వచ్చినప్పుడు దగ్గు గురించి కాదు, "ఇంటికి పంపేస్తారా డాక్టరుగారూ? ఊళ్ళో పెళ్ళికెదిగిన పిల్లుందండీ" అని అడిగారు.

చిన్నప్పుడు బిసిజి టీకా వేయించుకున్నవారికి ఆ సూది పరీక్ష క్షయ లేకపోయినా పొంగవచ్చు. రక్తంతో చేసే పరీక్షని బిసిజి తికమకపెట్టదు. ఆవిడకి అది చేయిస్తే ఏమీ లేదు. ఉన్నది వ్యాలీ ఫీవర్. ఈ ఎడారి మట్టిలో ఉండే ఒక శిలీంధ్రం దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బు. పీల్చిన ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడుతుంది. దేశంలో నమోదయ్యే కేసుల్లో అధికభాగం అరిజోనా, కాలిఫోర్నియాలవే. ఒకరినుంచి ఒకరికి అంటదు, క్లాసు మానక్కరలేదు. చాలామందికి మందు లేకుండానే తగ్గుతుంది. కాని నీరసం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొద్దిమందికి ముదిరి మందు అవసరమవుతుంది. యాంటీబయాటిక్‌లు దీన్ని ఏమీ చేయలేవు. కొత్త ఊళ్ళో దిగులుతో ఉన్న మనిషికి నెలల తరబడి నీరసమంటే, అది బెంగలా కనబడక ఇంకేమవుతుంది?

అందుచేత దగ్గూ జ్వరమూ వారం దాటితే వ్యాలీ ఫీవర్ రక్తపరీక్ష కావాలని పేరుపెట్టి అడగండి. మొదట్లో చేస్తే పట్టుబడకపోవచ్చు. జబ్బు నిలిచి ఉంటే మళ్ళీ చేయించుకోవాలి. డబ్బు భయంతో వెనకాడేవారికి ఒక మాట: జె-1 నిబంధనల ప్రకారం జబ్బుకి కనీసం లక్ష డాలర్ల బీమా ఉండి తీరాలి, ముందు మీ చేతినుంచి పెట్టుకోవలసింది 500 డాలర్లు మించకూడదు. ఆ కార్డు పెట్టె అడుగున కాక, పర్సులో ఉంచుకోండి.

మన కుటుంబాలవారికీ ఒక పని ఉంది. పులిహోర గిన్నె అందిస్తూ "బెంగా అమ్మా?" అని అడగడం బాగానే ఉంది, ఎన్ని వారాలుగా దగ్గుతున్నారో కూడా అడగండి. వీరిలో చాలామందికి ఇంకా కారు లేదు. క్లినిక్‌లు బస్సు స్టాపుల పక్కన లేవు. మీ ఇంట్లో రెండు కార్లుంటే, శనివారం పొద్దున ఒకటి ఖాళీగానే ఉంటుంది కదా.