ఢిల్లీ చలిలో కుండీ గులాబీలు

చలి నుండి కాపాడవలెనన్న తలంపుతో గులాబీ కుండీలన్నిటినీ రాత్రింబవళ్లు ప్లాస్టిక్ షీట్ల క్రింద మూసివేసిన ఒక నర్సరీని జనవరి మాసంలో ఢిల్లీ శివార్లలో చూచాను. గాలి ఆడక, తేమ నిలిచి, ఆకులు నల్లమచ్చలతో రాలిపోయాయి. అమ్మకపు కాలం జారిపోయింది. ఋణ వాయిదా మాత్రం మిగిలింది.

ఐరోపా వంటి శీతల ప్రాంతాలలో కుండీలోని మట్టి గడ్డకట్టి వేళ్లు దెబ్బతింటాయి. అందువలన అచ్చట కుండీలను కప్పి ఉంచుతారు. ఢిల్లీలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు దిగినా, గులాబీ విరగబూసే ఋతువు శీతకాలమే. మొక్కకు అసలు గండం మే, జూన్ నెలల వడగాడ్పు.

అక్టోబరు మధ్యలో కొమ్మలు కత్తిరిస్తే సుమారు 7, 8 వారాలకు పూలు వస్తాయి. కుండీలను ఇటుకలపై, రోజుకు 5, 6 గంటలు ఎండ తగిలే చోట ఉంచాలి. పొగమంచు దినాలలో మట్టి త్వరగా ఆరదు. పైమట్టిని వేలితో తాకి, ఆరిన పిదపనే ఉదయం వేళ ఆకులు తడవకుండా నీరు పోయాలి. చలి మరీ తీవ్రమైన రాత్రి గోనెపట్టా కప్పి, తెల్లవారగానే తీసివేయాలి. వాడిన పూలను ఎప్పటికప్పుడు త్రుంచాలి.

కడియం వంటి వెచ్చని ప్రాంతాల నుండి ఉత్తరాదికి మొక్కలు పంపే వ్యాపారులు నడి చలికాలం వరకు ఆగక అక్టోబరులోనే పంపడం మేలు. మొక్క నిలదొక్కుకొనుటకు వ్యవధి దొరుకుతుంది. నర్సరీదారులు ఋణం కోరునప్పుడు తమ అమ్మకాలు సాగే నెలలను బ్యాంకు అధికారికి వివరించి, వాయిదాలను అందుకు అనుగుణంగా అడగాలి.