అద్దె పెట్టె - సొంత పరికరము

ఇంటి ఖర్చుల పద్దులో బియ్యము, పాలు, విద్యుత్తు తరువాతి స్థానము నేడు వినోదమునకు దక్కినది. కేబుల్ వారికి నెలనెలా చెల్లించే సొమ్ము ఒకటి, ఇంటర్నెట్ సొమ్ము ఒకటి, యాప్‌ల చందాలు మరియొకటి - ఈ విధముగా ఒకే తెరకు మూడు కప్పములు కట్టుచున్న కుటుంబములు మన నగరములో ఎన్నో ఉన్నవి. ఈ మూడింటిలో ఏది అవసరము, ఏది అనవసరము అను ప్రశ్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో ఉద్యోగములు చేయు యువకులకే గాక, నెల జీతముతో సంసారము నడుపు ప్రతి గృహస్థునకు సంబంధించినది. అద్దె పెట్టెను విడిచి స్ట్రీమింగ్ పరికరముతో టెలివిజన్ చూచుట ఎట్లు సాధ్యము, అందులోని లాభనష్టములేమి అను విషయములను వివరించుట ఈ వ్యాసములో మా ఉద్దేశము.

పెట్టె వచ్చిన తీరు

మన తెలుగు ప్రజలకు టెలివిజన్‌తో పరిచయము విచిత్రముగా పల్లెల నుండి ఆరంభమైనది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు విద్యా కార్యక్రమములను ప్రసారము చేసిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములు కూడా ఉన్నవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరులో ప్రారంభమైనది. అప్పుడు మేడపైన ఏంటెన్నా ఒక్కటి ఉన్నచో చాలును. నెల చందా అను మాటే లేదు.

1990 తరువాత కేబుల్ తీగ వీధులలోనికి వచ్చెను. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ఛానళ్ళు వెలసినవి. అదే సంవత్సరము కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. అంతవరకు తీగను నేరుగా టీవీకి తగిలించినచో బొమ్మ వచ్చెడిది. తరువాత ప్రభుత్వము కేబుల్ ప్రసారములను దశలవారీగా డిజిటల్ పద్ధతికి మార్చవలెనని నిర్ణయించినది. 2013 మార్చి 31 గడువుగా గల రెండవ దశ నగరముల జాబితాలో హైదరాబాదు, విశాఖపట్నము రెండును ఉన్నవి. ఆ నాటి నుండి ప్రతి టీవీ క్రింద ఒక పెట్టె తప్పనిసరి అయినది. ఇంటిలో రెండు టీవీలున్నచో రెండు పెట్టెలు, రెండు చందాలు.

పెట్టె చేయు పని ఏమి? కేబుల్ తీగలో అన్ని ఛానళ్ళును అన్ని వేళలా అందరి ఇండ్లకును ప్రవహించుచునే ఉండును. కాని అవి తాళము వేసిన రూపములో ఉండును. మనము సొమ్ము చెల్లించిన ఛానళ్ళకు మాత్రమే తాళము తీయుట పెట్టె పని. కాబట్టి మనము అద్దె కట్టునది నిజానికి ఒక తాళపు చెవికి అని గ్రహించవలెను.

ధర విషయములో 2019 ఫిబ్రవరి నుండి ట్రాయ్ కొత్త విధానమును అమలు పరచినది. వంద ఛానళ్ళకు 130 రూపాయలకు మించకుండ రుసుము, దానిపై పన్ను కలిపి సుమారు 153 రూపాయలు, ఆపైన కోరుకొన్న చెల్లింపు ఛానళ్ళ ధర విడిగా - ఇది ఆనాటి పద్ధతి. 2024 జూలైలో ఆ 130 రూపాయల పరిమితిని తొలగించి, రుసుమును నిర్ణయించుకొను స్వేచ్ఛను పంపిణీదారులకే ఇచ్చిరి.

కొత్త పరికరము పనిచేయు విధము

ఇక స్ట్రీమింగ్ విషయము. వ్రేలెడంత పొడవు గల ఒక పుల్ల వంటి పరికరమును టీవీ వెనుకనున్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రములో గ్రుచ్చి, విద్యుత్తు ఇచ్చి, ఇంటిలోని వై-ఫైకి కలిపినచో మామూలు టీవీ స్మార్ట్ టీవీ వలె పనిచేయును. గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ 2014లోను, అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్ 2017లోను మన దేశపు విపణికి వచ్చినవి. ఈ రెండు సంస్థలకును మన ఐటీ ప్రాంతములోనే పెద్ద కార్యాలయములు ఉండుట గమనార్హము. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో ప్రారంభమైన అమెజాన్ భవనము, విస్తీర్ణములో ప్రపంచమందలి తమ భవనములన్నింటిలో పెద్దదని ఆ సంస్థ ప్రకటించినది. ఇటీవలి స్మార్ట్ టీవీలలో ఈ ఏర్పాటు లోపలనే ఉండును గనుక వాటికి వేరే పరికరము అక్కర లేదు.

కేబుల్‌కును దీనికిని మూలములోనే భేదమున్నది. కేబుల్ చెరువు తూము వంటిది. అందరి పొలములకును ఒకే నీరు, ఒకే వేళ. స్ట్రీమింగ్ బావి వంటిది. ఎవరికి కావలసినప్పుడు వారు తోడుకొందురు. మనము ఒక చిత్రమును కోరగానే, దానిని కొన్ని క్షణముల నిడివి గల తునకలుగా చేసి, సమీపములోని సర్వరు ఒక్కొక్కటిగా పంపును. పరికరము కొన్ని తునకలను ముందుగనే నిలువ చేసికొని తెరపై చూపును. ఇంటర్నెట్ వేగము తగ్గినచో తక్కువ నాణ్యత గల తునకలను అడిగి పుచ్చుకొనును. బొమ్మ ఒక్కొక్కసారి మసకబారి మరల తేటపడుటకు కారణమిదే.

ఇందుకు ఎంత ఇంటర్నెట్ కావలెను? మంచి హెచ్.డి. బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల వేగము అనుకొన్నచో గంటకు 2.25 జీబీ ఖర్చగును. దినమునకు మూడు గంటల చొప్పున నెలకు 200 జీబీ దాటును. మొబైలులో దినమునకు 1.5 జీబీ ఇచ్చు పథకముతో ఈ పని సాగదు. అది నలుబది నిమిషములలో హరించిపోవును. కావున ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉండుట అత్యావశ్యకము.

ఐటీ ప్రాంతపు అనుభవము

1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ తరువాత ఈ ప్రాంతములో ఒక కొత్త జీవన విధానము ఏర్పడినది. పదకొండు నెలల అద్దె ఒప్పందములు, ముగ్గురు నలుగురు కలిసి ఉండు ఫ్లాట్లు, రాత్రి పాళీ ఉద్యోగములు - ఇవి దాని లక్షణములు. ఇల్లు మారినప్పుడెల్లా కేబుల్ పెట్టెను తిరిగి అప్పగించి, కొత్త వీధి ఆపరేటరు వద్ద మరొకటి తీసికొనవలెను. స్ట్రీమింగ్ పరికరమో, జేబులో వేసికొని పోవచ్చును. తెల్లవారుజామున ఇల్లు చేరువారికి రాత్రి తొమ్మిది గంటల కార్యక్రమము వలన ప్రయోజనమేమి? కోరిన వేళ చూచు సౌకర్యమే వారికి కావలెను.

తెలుగు భాష కూడా ఈ మార్గమున వెనుకబడలేదు. గీతా ఆర్ట్స్, మై హోమ్ సంస్థలు కలిసి నెలకొల్పిన 'ఆహా' 2020 మార్చి 25న, ఉగాది నాడు లాంఛనముగా ప్రారంభమైనది. దేశమంతట లాక్‌డౌన్ మొదలైన దినము కూడ అదే. సినిమా హాళ్ళు మూతబడియుండగా, నాని నటించిన 'వి' చిత్రము అదే సెప్టెంబరులో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైనది. 2022 జూన్‌లో ఐపీఎల్ క్రికెట్ హక్కుల వేలములో భారతదేశపు టీవీ హక్కులు 23,575 కోట్లు పలుకగా, డిజిటల్ హక్కుల రెండు భాగములు కలిసి దానిని స్వల్పముగా మించినవి. వ్యాపారుల దృష్టి ఎటు మరలినదో దీనివలన విదితమగుచున్నది.

లెక్క చూతము

ఆదా నిజమైనదా, భ్రమయా? ఒక ఊహాత్మక లెక్క వేయుదము. రెండు టీవీల ఇంట కేబుల్‌కు నెలకు 700 రూపాయలనుకొన్నచో ఏడాదికి 8,400. రెండు పరికరములకు ఒక్కసారి 8,000, మూడు యాప్‌ల వార్షిక చందా 4,500 అనుకొందము. మొదటి ఏడాది 12,500, తరువాత ఏటా 4,500. రెండేండ్లకు రెండు మార్గములు ఇంచుమించు సమానము. మూడవ ఏట నుండి ఏటికి 3,900 మిగులును.

అయితే ఇందులో ఒక మెలిక కలదు. ఇంటర్నెట్ ఇదివరకే ఉన్న ఇంటికి మాత్రమే ఈ లెక్క చెల్లును. కేవలము టీవీ కొరకే నెలకు 600 రూపాయల ఇంటర్నెట్ తీసికొన్నచో ఏడాదికి 7,200 అదనము. చందాలతో కలిపి 11,700. అప్పుడు కేబులే చవుక. మరియు మూడు యాప్‌లు ఆరు, ఆరు తొమ్మిది అగుట ఎంతో సేపు పట్టదు. బిందువు బిందువు కలిసి సింధువగును. మన ఖాతా నుండి తమంతట తాము సొమ్ము తీసికొను ఏర్పాటును నిలిపివేసి, కావలసిన నెలకే చందా కట్టుట వివేకము.

మరికొన్ని ఇబ్బందులు చెప్పక తప్పదు. ప్రత్యక్ష ప్రసారము స్ట్రీమింగ్‌లో కొంత ఆలస్యముగా వచ్చును. వికెట్టు పడిన కేక ప్రక్కింటి నుండి ముందే వినబడును. ఇంటర్నెట్ ఆగినచో తెర చీకటి. ముఖ్యముగా పెద్దవారి మాట. హైదరాబాదు ఇండ్లలో నానీమాకు ఉర్దూ వార్తలు కావలెను, కోడలికి తెలుగు ధారావాహిక, మనుమనికి క్రికెట్. సంఖ్య నొక్కగానే ఛానలు వచ్చు రిమోట్‌కు అలవాటు పడిన చేతికి యాప్‌లు, ఖాతాలు, సంకేత పదములు అడ్డుగోడలు. అట్టివారికి అనేక వార్తా ఛానళ్ళు యూట్యూబులో ఉచితముగా లభించుననియు, ప్రసార భారతి 2024 నవంబరులో 'వేవ్స్' అను యాప్‌ను తెచ్చినదనియు తెలిపి, వారు కోరు ఛానళ్ళను మొదటి తెరపైనే అమర్చి ఇచ్చుట ఇంటి పిల్లల బాధ్యత. నెల చందా లేని డీడీ ఫ్రీ డిష్ కూడ ఉన్నదని మరువరాదు.

తీగ మిగిలియే ఉన్నది

పెట్టె పోయినంత మాత్రమున తీగ పోలేదు. 2025 ఆగస్టులో, దూరదర్శన్ కేంద్రమున్న రామంతాపూరులోనే, శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతమునకు ఐదుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ వెనుక విద్యుత్ శాఖ స్తంభములపై వ్రేలాడు కేబుల్ తీగలను తొలగింపగా నగరములో పలుచోట్ల ఇంటర్నెట్ స్తంభించినది. వివాదము హైకోర్టు వరకు వెళ్ళినది. కేబుల్ విడిచితిమని అనుకొన్నవారి బొమ్మ సైతము ఆ స్తంభముల మీదుగనే వచ్చుచున్నదని అప్పుడు తేటతెల్లమైనది. మనము ఆదా చేయు సొమ్ము వెనుక ఒక ప్రజా సమస్య ఉన్నది. తీగలను భూమిలో నుండి క్రమపద్ధతిలో వేయుట ప్రభుత్వమునకు, సంస్థలకు ఉమ్మడి కర్తవ్యము.

వీధి కేబుల్ ఆపరేటరు మాటయు ఆలోచింపదగినది. అర్ధరాత్రి వాన కురిసినను నిచ్చెన వేసికొని వచ్చినవాడతడు. చందాదారులు తగ్గుచున్న కొలది అతని బ్రతుకు తెరువు సన్నగిల్లుచున్నది. ఎందరో ఆపరేటర్లు అదే వీధిలో ఇంటర్నెట్ సరఫరాకు మారి నిలదొక్కుకొనిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ఆరంభించిన ఫైబర్‌నెట్ పథకము నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇచ్చుటకు స్థానిక కేబుల్ ఆపరేటర్లనే ఇంటింటికి వారధిగా చేసికొన్నది. కొత్త విద్య పాతవాని పొట్ట కొట్టక, అతనికే నేర్పినచో ఇరువురకు మేలు.

కావున విద్యార్థులకు మా సూచన ఇది. ఒక నెల పాటు ఇంటిలో ఎవరు ఏ ఛానలు, ఎంతసేపు చూచుచున్నారో కాగితముపై వ్రాయుడు. చూడని వానికి కట్టుచున్న సొమ్మెంతయో తేలును. ఇంటర్నెట్ ముందే ఉండి, చూచునవి కొద్దియైనచో పెట్టెను తిరిగి ఇచ్చి, కట్టిన డిపాజిట్టును అడిగి పుచ్చుకొనుడు. లేనిచో కేబులే ఉంచుకొని, అక్కరలేని ఛానళ్ళను తీసివేయించుడు. పెద్దల కోరికను ఆ లెక్కలో మొదటి వరుసలో వ్రాయుట మరువవలదు.