తుపాకి దానంతట అది పేలుతుందా?

మక్తల్ ప్రాంతంలో పొలం చేసుకొని బ్రతికే సామాన్యునికి తుపాకితో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. కాని ఆలోచించి చూస్తే, తుపాకికి దగ్గరగా నిలబడవలసిన సందర్భాలు అతనికి తక్కువేమీ కావు. పంట అమ్మిన సొమ్ము కోసం బ్యాంకుకు పోతే గుమ్మం వద్ద కాపలాదారు భుజాన తుపాకి ఉంటుంది. ఎన్నికల నాడు పోలింగు కేంద్రం వద్ద సాయుధ పోలీసులు నిలబడి ఉంటారు. పడమటి ఆంజనేయస్వామి జాతర వంటి జనసమ్మర్దంలోనూ బందోబస్తు తప్పదు. ఇక కంది, వేరుశనగ చేలను అడవిపందులు పాడుచేసే గ్రామాలలో రాత్రి కాపలాకు నాటు తుపాకిని రహస్యంగా పట్టుకొనిపోయేవారూ లేకపోలేదు.

ఇట్టి చోట్ల అప్పుడప్పుడు ప్రమాదం జరుగుతుంది. మరునాడు పత్రికలో ‘తుపాకి మిస్‌ఫైర్’ అని పడుతుంది. ఈ మాట వాడుకలో పాతుకొనిపోయింది గాని, ఇది సరియైనది కాదు. ఆయుధ శాస్త్రంలో మిస్‌ఫైర్ అంటే మీట నొక్కినా తూటా పేలకపోవడం. మనం చెప్పుకొనేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పేలకూడని వేళ పేలడమే ప్రమాదం. మాట మారితే దోషం కూడా చేతులు మారుతుంది. ‘మిస్‌ఫైర్ అయింది’ అన్నప్పుడు తప్పంతా తుపాకిదే అన్నట్లు తోస్తుంది. నిజంగా తుపాకి దానంతట అది పేలుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే అది ఎట్లు పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి.

తూటాలో జరిగేదేమి?

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న టోపీ, లోపల మందు, మూతి వద్ద సీసపు గుండు. టోపీలో ఉండే రసాయనం దెబ్బకు మండే స్వభావం గలది. మీట నొక్కగానే, అంతవరకు ఒక కొక్కెం పట్టి ఉంచిన సుత్తి విడివడి, స్ప్రింగు బలంతో ముందుకు దూకి సూదిని కొడుతుంది. సూది టోపీకి తగులుతుంది. టోపీలో పుట్టిన నిప్పు మందుకు అంటుకొంటుంది. మందు క్షణంలో వాయువుగా మారి గుండును గొట్టం వెంబడి నెడుతుంది. పన్నెండు బోరు తుపాకిలో ఈ వాయువుల పీడనం వాతావరణ పీడనానికి సుమారు 700 రెట్లు. సైనిక రైఫిల్‌లో ఇది 3,000 రెట్లు దాటుతుంది.

దీనిని బట్టి ఒక సంగతి స్పష్టమవుతుంది. తుపాకి పేలాలంటే టోపీకి దెబ్బ తగలాలి, లేదా మందుకు మండేటంత వేడి సోకాలి. ఈ రెండూ లేనిదే తూటా పేలదు. కాబట్టి ప్రమాదాలన్నీ ‘ఆ దెబ్బ ఎక్కడి నుండి వచ్చింది?’ అనే ఒక్క ప్రశ్న క్రిందికి వస్తాయి.

దెబ్బ వచ్చే దారులు

మొదటి దారి మనిషి వేలు. మీటపై వేలు ఉంచుకొని నడిచేవాడు, నొక్కవలెనని అనుకోకపోయినా నొక్కగలడు. శరీర శాస్త్రజ్ఞులు ఇందుకు మూడు సందర్భాలు గుర్తించారు. పెద్ద చప్పుడు విని ఉలిక్కిపడినప్పుడు చేతి వ్రేళ్ళు వాటంతట అవే ముడుచుకొంటాయి. కాలు జారి తూలినప్పుడు దొరికినదానిని గట్టిగా పట్టుకొంటాము. ఒక చేతితో బలంగా లాగినప్పుడు, రెండవ చేతి కండరాలు కూడా కొంత బిగుసుకొంటాయి. జాతరలో టపాకాయ పేలినా, పొలం గట్టున కాలు జారినా, తోపులాటలో ఎవరినైనా పట్టి లాగినా ఈ మూడూ సంభవించేవే. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, నరాల స్వభావం.

రెండవ దారి నేల. గోడకు ఆనించిన తుపాకి జారి పడిందనుకొందాం. ఒక మీటరు ఎత్తు నుండి పడిన వస్తువు నేలను తాకి 5 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే, ఆ కొద్ది క్షణంపాటు దాని ప్రతి భాగంపైనా సగటున దాని బరువుకు 200 రెట్ల బలం పనిచేస్తుంది. 1,000 మిల్లీమీటర్లను 5తో భాగిస్తే వచ్చేది 200. బరువు 50 గ్రాములున్న సుత్తి ఆ క్షణాన 10 కిలోల బరువు వలె లాగుతుంది. కొక్కెం కొత్తదైతే ఆ బలాన్ని ఆపవచ్చు. అరిగిపోయినదైతే జారిపోతుంది. ఆధునిక తుపాకులలో ఇందుకోసం ప్రత్యేకమైన అడ్డుకట్టలు ఉంటాయి. నాటు తుపాకిలో, ‘భర్మార్’లో అవి ఉండవు. దానిలో సుత్తి టోపీపైననే ఆని ఉంటుంది. సుత్తి వీపుకు రాయి తగిలినా చాలును.

మూడవ దారి మరపు. తూటాలు దానంతట అదే నింపుకొనే తుపాకిలో మ్యాగజైను తీసివేయగానే ‘ఖాళీ అయింది’ అని భ్రమపడడం కద్దు. కాని గొట్టం వెనుక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. కాబట్టి క్రమం ముఖ్యం: ముందు మ్యాగజైను తీయాలి, తరువాత బోల్టు వెనుకకు లాగి, గదిలోని తూటా పడిపోయిన పిమ్మట, కంటితో చూసి, వ్రేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ఈ క్రమం తారుమారై, బోల్టు ముందు లాగి మ్యాగజైను తరువాత తీస్తే, బోల్టు మూసుకొనేటప్పుడు ఇంకొక తూటా గదిలోకి చేరి ఉంటుంది. ‘ఇప్పుడే ఖాళీ చేశాను’ అన్న తుపాకి పేలడానికి తరచుగా కారణమిదే.

నాల్గవది ఆలస్యపు పేలుడు. చెమ్మ తగిలిన మందు మీట నొక్కిన వెంటనే అంటుకోక, కొన్ని క్షణాల తరువాత అంటుకోవచ్చు. పేలలేదని గొట్టంలోనికి తొంగి చూడడం ప్రాణాంతకం. గొట్టాన్ని నిరపాయమైన దిక్కున ఉంచి కనీసం అర నిమిషమైనా ఆగాలి. నాటు తుపాకికి మరింత ఎక్కువసేపు ఆగడం అవసరం. నాటు తుపాకిలో ఇంకొక అపాయం కూడా ఉన్నది. ఇంత పీడనం కోసం తయారు కాని మామూలు ఇనుప గొట్టం చీలిపోతే, దెబ్బ తగిలేది కాల్చినవాని ముఖానికే.

ఆకాశంలోకి కాల్చిన గుండు

గాలిలోకి కాలిస్తే ఎవరికీ హాని లేదని చాలామంది నమ్మకం. 2022 ఆగస్టు 13న మహబూబ్‌నగర్ పట్టణంలో జరిగిన స్వాతంత్ర్య వజ్రోత్సవ ర్యాలీలో, అప్పటి రాష్ట్ర మంత్రి ఒకరు పోలీసు తుపాకి తీసుకొని ఆకాశంలోకి కాల్చడం దేశమంతటా చర్చకు వచ్చింది. అది రబ్బరు గుండు అని ఆయన చెప్పారు. ఆ వాదం ఎట్లున్నా, నిజమైన గుండు అయితే ఏమవుతుందో గణితం చెబుతుంది.

303 రైఫిల్ గుండు బరువు సుమారు 11.3 గ్రాములు, గొట్టం విడిచేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. గాలియే లేకపోతే నిటారుగా కాల్చిన ఈ గుండు 28 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, అదే వేగంతో తిరిగి వస్తుంది. కాని గాలి నిరోధిస్తుంది. వేగం రెట్టింపయితే నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. అందుచేత ఇటువంటి గుండు దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తులోనే ఆగుతుంది. దిగివచ్చేటప్పుడు బరువు, నిరోధం సమానమయ్యేవరకే దాని వేగం పెరుగుతుంది.

ఈ విషయాన్ని పరీక్షించడానికి మొదటి ప్రపంచ యుద్ధానంతరం అమెరికా సైనికాధికారి జూలియన్ హ్యాచర్ ఫ్లోరిడా తీరాన నీటి మధ్య వేదిక కట్టించి, నిటారుగా 500కు పైగా గుండ్లు కాల్పించాడు. వేదికపై పడినవి నాలుగే! తక్కినవి గాలికి చెదరిపోయాయి. కాల్చినవానికే తన గుండు ఎక్కడ పడుతుందో తెలియదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. దిగివచ్చే గుండు వేగం సెకనుకు సుమారు 90 మీటర్లని తేలింది. కపాలాన్ని ఛేదించడానికి సెకనుకు 60 మీటర్ల వేగం చాలునని వైద్యుల అంచనా.

ఇది నిటారుగా కాల్చినప్పటి మాట. ఊరేగింపులో ఊగుతూ కాల్చేవాని తుపాకి నిటారుగా ఉండదు. ఏటవాలుగా పోయిన గుండు మొన ముందుకే ఉండి, వేగాన్ని ఎక్కువగా నిలుపుకొంటుంది. అట్టి రైఫిల్ గుండు మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. మక్తల్ బస్టాండు వద్ద కాలిస్తే అది ఊరు దాటి, చేలలో పనిచేసేవారి మధ్య పడవచ్చునన్న మాట. లాస్ ఏంజిలెస్‌లోని ఒక ఆసుపత్రిలో 1985 నుండి 1992 వరకు ఇట్లు పైనుండి పడిన గుండ్లు తగిలి చేరినవారు 118 మంది. వారిలో 38 మంది మరణించారు.

గుండులేని ఉత్తుత్తి తూటా కూడా ఆటవస్తువు కాదు. దాని నుండి వెలువడే వేడి వాయువులు, అట్టముక్కలు దగ్గరివారి ప్రాణం తీయగలవు. రబ్బరు గుండు కూడా దగ్గర నుండి తగిలితే కన్ను పోవచ్చు.

చట్టం ఏమంటుంది?

1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, పెండ్లిళ్ళు, జాతరలు, సభలలో వేడుకగా కాల్చడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులను అపాయానికి గురిచేసినా అదే శిక్ష: రెండేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరికీ గాయం కాకపోయినా నేరం నేరమే. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో తుపాకిని కప్పి ఉంచి తీసుకొనిపోవాలి, ఝళిపించరాదు. లైసెన్సు లేని నాటు తుపాకిని దగ్గర ఉంచుకొనడమే నేరం. మక్తల్ పరిసరాలలో పంటలపై పడే కృష్ణజింకను చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద ఇంకొక నేరం.

అందరూ తెలుసుకోవలసినవి

తుపాకి పట్టేవారికి సూత్రాలు నాలుగు. ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నట్లే భావించాలి. గొట్టాన్ని ఎన్నడూ మనిషి వైపు త్రిప్పరాదు. కాల్చే క్షణం వరకు వేలు మీటకు బయటనే ఉంచాలి. లక్ష్యాన్నీ, దాని వెనుక ఉన్నదానినీ చూసుకోవాలి. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినా తక్కినవి కాపాడే అవకాశం ఉన్నది. పోలీసు స్థావరాలలో తుపాకిని ఇసుక పెట్టె వైపు ఉంచి ఖాళీ చేయడం ఇందుకే: పొరపాటు జరిగినా గుండు ఇసుకలోనే ఆగుతుంది. సేఫ్టీ మీటను నమ్ముకొని ఈ సూత్రాలను విడువరాదు. అదీ అరిగిపోయే యంత్రభాగమే. ఇంట్లో తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట, తాళంలో ఉంచాలి.

తుపాకి పట్టనివారికి కూడా కొన్ని జాగ్రత్తలు కలవు. కాపలాదారుని తుపాకిని తాకడం, అతనితో పెనుగులాడడం, గొట్టం ఎదుట వరుసలో నిలబడడం కూడదు. పొలంలో తూటా దొరికితే పిల్లలను దాని దగ్గరకు పోనీయక, దానిని నిప్పులో వేయక, రాయితో కొట్టక, పోలీసులకు తెలపాలి. ఎవరికైనా గాయమైతే ముందు తుపాకిని జనానికి దూరంగా ఉంచేటట్లు చూసి, శుభ్రమైన గుడ్డను గాయంపై గట్టిగా అదిమి పట్టి, వెంటనే 108కి ఫోను చేయాలి. గుండును తీయడానికి ప్రయత్నించరాదు. అదిమిన చేతిని వైద్య సహాయం వచ్చేవరకు సడలించరాదు. నెత్తురు ఆగడంపైననే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

తుపాకి దానంతట అది పేలదు. చాలా సందర్భాలలో ఒక వేలు, ఒక మరపు, ఒక అరిగిన కొక్కెం, లేదా ఒక వేడుక దానిని పేలుస్తుంది. ఈ నాలుగూ మనుష్యుల ఆధీనంలో ఉన్నవే. కనుక ‘మిస్‌ఫైర్’ అన్న మాట విన్నప్పుడెల్లా, ఆ వేళ గొట్టం ఎటువైపు ఉన్నది, వేలు ఎక్కడ ఉన్నది అని అడగడం నేర్చుకోవాలి. ఆ రెండు ప్రశ్నలను ముందుగానే అడిగేవారు ఉన్న చోట ప్రమాదాలు చాలవరకు తప్పిపోతాయి.